గౌరవనీయులైన ‘పరిశీలిస్తాం’ గారికి

అయ్యా పరిశీలిస్తాం గారూ,

మొన్న ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మీ దర్శనభాగ్యం కలిగింది, అదీ ఒక్కసారి కాదు, పనిలేక లెక్కపెట్టా, గంటన్నరలో 14 సార్లు. “మీ ప్రశ్న - మా జవాబు” అని ఫ్లెక్సీ కట్టారు, కౌన్సిలర్‌గా నిలబడ్డ మా వార్డు అభ్యర్థి గారు వచ్చారు, ప్రశ్నలు మేం పట్టుకెళ్ళాం, జవాబు కుర్చీలో మాత్రం ఆయన మిమ్మల్ని కూర్చోబెట్టారు. నాలుగింటికని చెప్పి ఆరింటికి దిగారు, ఆ గోల ఇక్కడెందుకులెండి, అది మీ తమ్ముడు ‘దార్లో ఉన్నాం’కి విడిగా రాస్తా.

ఒకాయన లేచి వీధి కుక్కల సంగతేంటన్నాడు. మూగజీవాలంటే మాకు ప్రాణం అన్నారు అభ్యర్థి గారు. కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని కేంద్రం 2023లో తెచ్చిన రూల్స్‌లో ఉంది కదండీ అని అడిగినాయన వదలకపోతే, అప్పుడు మీరొచ్చారు. ఒకావిడ కుళాయి నీళ్ళు రాత్రి రెండింటికి వదుల్తున్నారు మేం ఎప్పుడు పడుకోవాలి అంది, మళ్ళీ మీరే. శ్మశానానికి దారి లేదన్నా మీరే, పోయినవాళ్ళని కూడా వదల్లేదు మీరు.

కానీ నాకు నచ్చిందేంటంటే, అన్నిటికీ మీ అవసరం పడదు ఆయనకి. వెనక నుంచి ఎవరో కుర్రాడు సరదాకి మనకి ఎయిర్‌పోర్ట్ వస్తుందా సార్ అని అరిస్తే, “వచ్చి తీరుతుంది, రాసిపెట్టుకోండి” అన్నారు, తడుముకోలేదు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఆపిస్తానన్నారు, అదీ గ్యారంటీ. రైళ్ళూ విమానాలూ కేంద్రం చేతిలో ఉన్నవి, వార్డు కౌన్సిలర్ అక్కడ టికెట్ కొనుక్కోవడం తప్ప చేసేదేం లేదు. అదే నీళ్ళు, రోడ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్డి కూడా, ఇలాంటివి 18 పనులు మున్సిపాలిటీలు చూసుకోదగ్గవని రాజ్యాంగం 12వ షెడ్యూల్లో రాసిపెట్టారు, ఆ షెడ్యూల్‌ని చేర్చిన 74వ సవరణ అమల్లోకొచ్చింది 1993 జూన్‌లో. అంటే చేతిలో లేనివన్నీ గ్యారంటీ, చేతిలో ఉన్నవన్నీ మీరు. ఇదెక్కడి లెక్కండీ?

సరే నా గొడవకొస్తా. మా వీధి కాలవ మీద సిమెంటు పలకలుండేవి. పూడిక తీస్తామని వాటిని లేపారు. తీసిన పూడిక గట్టు మీదే పోశారు, ఎత్తుకెళ్ళే బండి రేపొస్తుందన్నారు, రేపు వాన వచ్చింది, గట్టు మీద బురదంతా ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే వెళ్ళిపోయింది. పలకలు మాత్రం ఇంతవరకూ తిరిగి రాలేదు. పక్కింటి మాస్టారి స్కూటర్ ముందు చక్రం అందులో దిగి మాస్టారు మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. మా ఇంట్లోకి పోవాలంటే ఒక అంగ గట్టిగా వెయ్యాలి, మా అమ్మ వెయ్యలేదు, ఆవిడ గుడికెళ్ళి రెండు నెలలైంది.

మైకు నా చేతికొచ్చింది. నేను అడిగింది ఒక్కటే, పలకలు ఏ తారీఖుకి వేయిస్తారు సార్? ఆయన నావైపు ఎంత ఆప్యాయంగా చూశారంటే నాకే సిగ్గేసింది ఇన్నాళ్ళూ అనవసరంగా తిట్టుకున్నానని. పక్కన డైరీ పట్టుకున్న కుర్రాడి వైపు తిరిగి “నోట్ చేస్కోరా” అన్నారు. వాడు తలొంచి గబగబా రాసేశాడు. నేను ముందు వరసలోనే ఉన్నా కాబట్టి చూశా. పెన్నుకి క్యాప్ ఉంది. క్యాప్ తియ్యకుండానే రెండు లైన్లు రాశాడు, చివర్న గీత కూడా కొట్టాడు! “తప్పకుండా పరిశీలిస్తాం” అన్నారాయన. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా, అదే ఇప్పటికీ కడుపులో మండుతోంది.

ఒక్క మాట చెప్పు, మర్యాద ఇక నా వల్ల కాదు. ఏముందక్కడ పరిశీలించడానికి? కాలవ అక్కడే ఉంది, పలకలు లేవు, మైక్రోస్కోప్ పెట్టాలా? అసలు నువ్వు ఎవరి తరఫున మాట్లాడతావ్, “తాం” అంటే ఎవరెవరు? నీకు భవిష్యత్తు తప్ప భూతకాలం లేదా? ఇన్ని ఎన్నికలు చూశా, “పరిశీలించాం, ఇదిగో తేలింది” అని ఒక్క మనిషి నోటి నుంచి వినలేదు. ‘చెయ్యం’ అన్నా బాగుండేది, నలుగురం చందాలేసుకుని మేమే వేయించుకునేవాళ్ళం. నువ్వున్నావ్ కాబట్టే, వాళ్ళు చూస్తున్నారు కదా అని ఎవడూ జేబులో చెయ్యి పెట్టట్లేదు. అవునన్నా కాదన్నా పనయ్యేది, నీ వల్ల రెండూ పోయాయి.

పొద్దున అభ్యర్థి గారు ఇంటింటి ప్రచారానికి మా వీధికొచ్చారు. తెల్ల బట్టలు, ముప్పై మంది, డప్పులు. మా కాలవ దగ్గర ఆగారు. వెనక నుంచి ఇద్దరు కుర్రాళ్ళు చెక్క బల్ల ఒకటి మోసుకొచ్చి అడ్డంగా వేశారు, కొత్తది, గట్టిది, వెడల్పు కూడా సరిగ్గా సరిపోయింది, కొలిచి చేయించినట్టే. అంటే నిజంగానే పరిశీలించారన్నమాట. ఆయన దాటొచ్చి, మా అమ్మ కాళ్ళకి దండం పెట్టి, నాకు కరపత్రం ఇచ్చి, మళ్ళీ దాటి వెళ్ళారు. వెనకాలే కుర్రాళ్ళు బల్ల ఎత్తుకుని పక్కింటి ముందు వేశారు.

నేను గేటు దాకా పరిగెత్తి, “సార్, ఆ బల్లైనా ఇక్కడ వదిలేసి వెళ్ళండి” అన్నా. ఆయన వెనక్కి తిరిగి నవ్వుతూ ఏమన్నారో నీకు వేరే చెప్పాలా.

ఇట్లు,
కాలవకి ఇవతల ఉన్న ఒక ఓటరు