నల్ల ట్యాంకు నిండేదాకా నానమ్మ

ఉమ్మడి కుటుంబం ఎందుకు చితికిపోయిందన్న దాని మీద మన పెద్దలు చాలానే తేల్చారు. పట్నవాసం అన్నారు, ఉద్యోగాలన్నారు, టీవీ సీరియళ్ళన్నారు. బాత్రూం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తాల్సిన కోడలికీ, సరిగ్గా ఆ వేళకే పేపరు పట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకునే మామగారికీ మధ్య పుట్టే వైరం ఏ వేదాంతంతోనూ తీరేది కాదు. అమెరికాలో రిటైరైనవాళ్ళు దీన్ని ఇంజనీరింగుతో తీర్చారు. పిల్లల ఇంటికి వెళ్ళేటప్పుడు తమ బాత్రూం తామే వెంట తెచ్చుకుంటారు. దాని చుట్టూ మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, సోఫా, చక్రాలు, ఇంజను అమర్చి ఉంటాయి. మొత్తాన్ని కలిపి మోటార్‌హోమ్ అంటారు, వాడుకలో ఆర్వీ (రిక్రియేషనల్ వెహికల్).

1970, 80 దశకాల్లో వెళ్ళి స్థిరపడ్డ తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు రిటైరై ఈ బండ్ల షోరూముల చుట్టూ తిరుగుతున్నారు. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో. అమ్మేవాళ్ళు దీన్ని 'స్వేచ్ఛ' అని చెప్పి అమ్ముతారు. ఆ అపోహ ముందు పోగొట్టాలి. మనవల దగ్గరికి వెళ్ళడానికీ, అంతకంటే ముఖ్యంగా, ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేకుండా అక్కణ్ణుంచి బయల్దేరడానికీ తయారైన యంత్రం ఇది.

బండిలో మూడు రకాలు. క్లాస్ బి అంటే వ్యాను. దంపతులకు మాట పట్టింపు వస్తే అటు తిరిగి పడుకోవడానికి కూడా చోటుండదు. క్లాస్ సి 22 నుంచి 32 అడుగులు, డ్రైవరు నెత్తిమీద ఒక మంచం ఉంటుంది. అద్దెకు దొరికేవి ఎక్కువగా ఇవే. క్లాస్ ఏ అచ్చంగా బస్సు, కొన్ని 45 అడుగుల దాకా ఉంటాయి. మన ఆర్టీసీలో అంత బస్సు ముట్టుకోవాలంటే హెవీ లైసెన్సు, ట్రైనింగు, డిపో మేనేజరు కటాక్షం అన్నీ కావాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జీవితమంతా కామ్రీ కారు తప్ప నడపని 70 ఏళ్ళ పిల్లల డాక్టరు మామూలు కారు లైసెన్సుతో దీన్ని హైవే ఎక్కించవచ్చు. కాలిఫోర్నియా మాత్రం 40 అడుగులు దాటితే వేరే లైసెన్సు అడుగుతుంది. అందుకే 40కి ఒక్క అంగుళం తగ్గించి బండి కొనే వివేకవంతులున్నారు.

ఈ బస్సు గ్యాలనుకు ఏడెనిమిది మైళ్ళిస్తుంది, అంటే లీటరుకు మూడు కిలోమీటర్ల చిల్లర. డాలస్ నుంచి న్యూజెర్సీ 1,500 మైళ్ళ పైమాటే. 200 గ్యాలన్లు తాగి గానీ అక్కడికి చేరదు. ఇద్దరి విమానం టికెట్లతో దీన్ని పోల్చడం సంస్కారం కాదు.

టైర్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు బండి నిలబడే ఉంటుంది కాబట్టి టైరు గాట్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. టైరు పక్కన ముద్రించిన డాట్ నంబరులో చివరి నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో పుట్టిందని. ఐదు నుంచి ఏడేళ్ళు దాటితే, ఎంత నిగనిగలాడుతున్నా, మార్చేయాల్సిందే. తాతగారు తన ఆరోగ్యం గురించి వాడే 'పైకి బాగానే ఉన్నాను కదా' అన్న వాదన ఇక్కడ చెల్లదు. బండి లోపల పసుపు రంగు స్టిక్కరు మీద ఎంత బరువు ఎక్కించొచ్చో రాసి ఉంటుంది. ఆ లెక్కలో నీళ్ళు కూడా వస్తాయి. గ్యాలను నీళ్ళు 8.3 పౌన్లు, కాబట్టి 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే దాదాపు 190 కిలోలు. దాని మీద సోనామసూరి బస్తాలు, వెట్ గ్రైండరు, ఆవకాయ జాడీలు. టైరు పేలితే కంపెనీని తిడతారు గానీ గ్రైండరును ఎవరూ అనుమానించరు.

ఇక ముసలివాళ్ళ కోసమే ఉన్న ఆర్వీ పార్కుల సంగతి. అమెరికాలో 1995లో వచ్చిన చట్టం ప్రకారం కనీసం 80 శాతం నివాసాల్లో 55 ఏళ్ళు నిండినవారు ఒక్కరైనా ఉంటే, ఆ ప్రాంగణం పిల్లలున్న కుటుంబాలను కాదనవచ్చు. అరిజోనా, ఫ్లోరిడాల్లో ఇలాంటివి బోలెడు. మనవలు చుట్టపుచూపుగా రావచ్చు, కానీ ఎన్ని రోజులుండాలో, ఈతకొలనులో ఏ వేళలో దిగాలో రూలుబుక్కులో ఉంటుంది. అలాంటి చాలా పార్కుల్లో పదేళ్ళు దాటిన బండిని రానివ్వరు. మనిషికి 55 దాటాలి, బండికి 10 దాటకూడదు. రెండూ తిరగేసి గుర్తుపెట్టుకున్నవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోతారు.

కాబట్టి బండి నేరుగా కొడుకు ఇంటి డ్రైవ్‌వేలోకే వస్తుంది.

డ్రైవ్‌వే సాధారణంగా వీధివైపు వాలుగా ఉంటుంది. తాతగారు ముక్కు ముందుకు పెట్టి ఎక్కిస్తారు. వెనకభాగం కిందికి ఉండిపోతుంది. బండిలో పాత పద్ధతి గ్యాసు ఫ్రిజ్జు ఉంటే సమతలంగా నిలబెట్టక తప్పదు. అందులో కంప్రెసరు ఉండదు, అమ్మోనియా ద్రావణం తన బరువుకు తానే గొట్టాల్లో జారుతూ తిరగాలి. పక్కకు మూడు డిగ్రీలు మించి ఒరిగితే ఒకచోట నిలిచిపోయి, కొన్నాళ్ళకు గొట్టమే మూసుకుపోతుంది. ముందు పాడయ్యేది దోసెల పిండి, తర్వాత ఫ్రిజ్జు. సరే, లెవెల్ చేద్దామని హైడ్రాలిక్ జాకీలతో వెనకభాగం లేపుతారు. ఇక్కడే అసలు ప్రమాదం. పార్కింగు బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి నేలను వదిలితే పది టన్నుల బస్సును ఆపేది జాకీల కాళ్ళు మాత్రమే. అందుకే రివర్సులో ఎక్కించాలి, కిందికున్న ముందు చక్రాల కింద వెడల్పాటి చెక్కలు పేర్చాలి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. రివర్సు చేయించేవారు ఇల్లాలు. నలభై ఏళ్ళ కాపురం నిలిచిందీ లేనిదీ ఆ పది నిమిషాల్లో వీధి మొత్తానికీ తెలుస్తుంది.

తర్వాత కరెంటు. బండికి కావలసింది 30 లేదా 50 ఆంపియర్లు. గ్యారేజీలో ఉన్నది 15. అడాప్టరు పెడితే ప్లగ్గు దూరుతుంది, కరెంటు మాత్రం దూరినంతే. 13,500 బీటీయూల ఏసీ ఒక్కటే 12 నుంచి 14 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ నడుస్తుండగా నానమ్మ మైక్రోవేవ్‌లో పాలు పెట్టారో, బ్రేకరు టప్పున పడిపోతుంది. అదే లైను మీద గ్యారేజీలో కోడలి రెండో ఫ్రీజరు ఉంటుంది, అందులో ఏడాదికి సరిపడా గోంగూర, మునక్కాడలు, కొబ్బరి కోరు. అది ఆగిందని మర్నాడు నేల తడిస్తే గానీ తెలియదు. ఆ తడి తుడిచే బట్ట కోడలి చేతిలో ఉన్నప్పుడు ఆమె అనే 'పర్లేదు అత్తయ్యా' బిరుసు ఏ మల్టీమీటరుకూ అందదు.

సన్నటి ఆరెంజి రంగు ఎక్స్‌టెన్షన్ వైరు వాడటం ఇంకో సంప్రదాయం. పొడుగు వైరులో వోల్టేజీ పడిపోతుంది, ఏసీ కంప్రెసరు వేడెక్కి మూలుగుతుంది. 10 గేజి వైరు కావాలి. అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని తెలియక 16 గేజిది కొని, పెద్దది తెచ్చామని మురిసేవాళ్ళున్నారు. ఇదంతా ఎందుకని అభిమానంగల కొడుకు ఎలక్ట్రీషియన్ను పిలిచి 30 ఆంపియర్ల సాకెట్టు వేయిస్తాడు. మూడు కన్నాల 30 ఆంపియర్ల సాకెట్టు కనిపించగానే ఆయనకు బట్టలారేసే డ్రయ్యరు గుర్తొచ్చి 240 వోల్టులు ఇచ్చేస్తాడు. ఆర్వీది 120. ప్లగ్గు పెట్టిన క్షణంలో మైక్రోవేవు, టీవీ, బ్యాటరీ ఛార్జరు వరసగా పైకి పోతాయి. ప్లగ్గు పెట్టేముందు మీటరుతో చూసుకోండి. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 120 కనపడకపోతే కొడుకు అభిమానాన్ని మెచ్చుకుని, వైరు చుట్టేయండి.

ఇప్పుడు ఈ వ్యాసానికి గుండెకాయ, నల్ల ట్యాంకు. మరుగుదొడ్డి కింద ఉండేది అది. సింకు, స్నానం నీళ్ళు బూడిద (గ్రే) ట్యాంకులోకి పోతాయి. క్లాస్ సి బండ్లలో నల్లది 30 గ్యాలన్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే సుమారు 113 లీటర్లు. అందులో ఉన్న ఒకే ఒక శత్రువు కాగితం. అమెరికా దంపతులు నీళ్ళు పొదుపు చేసి కాగితం ధారాళంగా వాడతారు. నీరు చాలక ఘనపదార్థం గొట్టం కిందే గుట్టలా పేరుకుని గట్టిపడుతుంది, కాగితం సెన్సర్లకు అంటుకుని ట్యాంకు ఖాళీగా ఉన్నా 'నిండింది' అని చూపిస్తుంది. అనుభవజ్ఞులంతా ముక్తకంఠంతో చెప్పే మందు ఒక్కటే, నీళ్ళు ఎక్కువ వాడండి. చెంబు గురించి ఇన్నేళ్ళుగా మొహమాటపడిన తెలుగుజాతి ఇక తలెత్తుకు తిరగవచ్చు. నల్ల ట్యాంకు శాస్త్రం మొత్తం మన వైపే ఉంది.

అయితే ట్యాంకు త్వరగా నిండుతుంది. చెంబు, ఫ్లష్ కలిపి ఒక్కో విడతకు మూడు లీటర్లనుకుందాం. ఇద్దరు, రోజుకు ఐదేసి సార్లు, 30 లీటర్లు. మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలన్నది నియమం కాబట్టి 75 లీటర్లకు గడువు రెండున్నర రోజులు. 'బస్సులో బాత్రూం' అని మనవలు సరదాపడి ఇంట్లో నాలుగు బాత్రూములు వదిలేసి ఇందులోకే వస్తే ఒకటిన్నర రోజు. ఇంటి మురుగు గొట్టంలోకి వదిలేద్దామన్న ఆలోచన కొడుక్కి వస్తుంది. కోడలికి రాదు.

ఇదే సమయానికి హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, నుంచి ఉత్తరం వస్తుంది. డ్రైవ్‌వేలో ఆర్వీ నిలపడానికి చాలా కాలనీలు 24 నుంచి 72 గంటలే ఇస్తాయి, అదీ సామాను ఎక్కించి దించుకోవడానికని. ట్యాంకుకు పట్టే కాలమూ, కాలనీ ఇచ్చే గడువూ, అత్తాకోడళ్ళు ఒకరినొకరు మెచ్చుకోగలిగే వ్యవధీ దాదాపు సమానం కావడం యాదృచ్ఛికం అంటే నమ్మబుద్ధి కాదు.

కాబట్టి మనవల్ని ఎక్కించుకుని ఊళ్ళు చూడ్డానికి బయల్దేరాలి. బ్రోషరులో ఎనిమిది మంది పడుకోవచ్చని ఉంటుంది. అంతమందికి సీటు బెల్టులున్నాయో లేదో వేరే లెక్క. పక్కకు తిరిగిన సోఫా మీదా, వెనక్కి తిరిగిన డైనింగు బెంచీ మీదా పిల్లల కారు సీటు కట్టకూడదు. ముందుకు తిరిగి, కింద ఇనుప చట్రం ఉన్న సీటే కావాలి, కొన్ని బండ్లలో ఆ బెంచీ ఉత్త చెక్కే. బండి కదులుతుంటే లేచి దోసె పోయడం కుదరదు. ఆగాక పోపు పెట్టేముందు కిటికీ తీసి, కప్పు ఫ్యాను తిప్పండి. పొయ్యికి నాలుగడుగుల దూరంలో పొగ అలారం ఉంటుంది, ఎండుమిరప దానికి మహా చేదు. మోగుతోందని బ్యాటరీ పీకి డబ్బాలో దాచే నానమ్మలున్నారు. పీకకండి. అదే గదిలో గ్యాసు సిలిండరు గొట్టం కూడా నడుస్తోంది.

మోంటానాలోని గ్లేసియర్ పార్కుకు అందరూ వెళ్ళేది గోయింగ్ టు ద సన్ రోడ్డు కోసం. అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా ఆ దారిలో బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన బండికి ప్రవేశం లేదు. అద్దెకు తెచ్చిన క్లాస్ సి దాదాపు ఏదీ ఆ కొలతకు ఒదగదు. యూటాలోని జైయన్‌లో 1930 నాటి సొరంగం ఉంది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండికి 2026 జూన్ నుంచి ఆ దారిలో ప్రవేశం లేదు. అంటే చూడాల్సిన చోటికి ఇల్లు రాదు. దానికి విరుగుడు, బండి వెనక ఇంకో కారు కట్టుకెళ్ళడం. తెలుగువారి ఇళ్ళ ముందుండే సియెన్నా, టెస్లా రెండూ నాలుగు చక్రాల మీద లాక్కెళ్ళడానికి పనికిరావు, జీప్ రాంగ్లర్ కొనాలి. కట్టాక బస్సు రివర్సు చేయకూడదు. కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి, కలిపిన ఇనుప కడ్డీ వంగిపోతుంది. పెట్రోలు బంకులో తప్పు వరసలోకి దూరితే దిగి, కారు విప్పి, విడివిడిగా వెనక్కి తీసి, మళ్ళీ కట్టాలి. వెనకున్నవాళ్ళు హారను కొట్టరు, దిగి వచ్చి సలహాలిస్తారు. అదింకా కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ప్రభుత్వం ముసలితనాన్ని గౌరవించింది. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న 62 ఏళ్ళవారికి జాతీయ పార్కుల పాసు జీవితాంతానికి 80 డాలర్లు, 2017 ఆగస్టు దాకా అది 10 డాలర్లే. ఫెడరల్ క్యాంపుగ్రౌండ్లు చాలావాటిలో ఈ పాసుతో సగం ధర కూడా. కానీ మనవలకు సెలవులు వేసవిలోనే, దేశంలోని మనవలందరికీ అప్పుడే. మంచి చోట్లు ఆరు నెలల ముందు బుకింగు తెరిచిన నిమిషాల్లోనే అయిపోతాయి. అనుకున్నప్పుడు అనుకున్న చోటికి వెళ్ళవచ్చునని బండి కొన్న దంపతులు జనవరిలో కంప్యూటరు ముందు అలారం పెట్టుకుని కూర్చుంటారు.

తిరుగు ప్రయాణానికి ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. యాంటెన్నా దించారా, మెట్టు లోపలికి పోయిందా, ఫ్రిజ్జు తలుపు గడియ పడిందా, వైరు పీకారా, జాకీలు పైకి లేచాయా. తర్వాత దగ్గర్లోని డంప్ స్టేషను, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోటు. చేతులకు తొడుగులు వేసుకుని, మూడంగుళాల గొట్టం రెండువైపులా బిగిసిందో లేదో చూసి, ముందు నల్ల వాల్వు తెరవాలి. అది పూర్తిగా పోయాకే బూడిదది. ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడుగుతాయి. రెండూ మూసి, నల్లదాంట్లో రెండు మూడు గ్యాలన్ల నీళ్ళు మళ్ళీ పోయాలి. మంచినీళ్ళ తెల్ల గొట్టాన్ని ఈ పనికి పొరపాటున కూడా వాడొద్దు. బద్ధకించి 'చిన్నాడి ఊరెళ్ళాక చూద్దాంలే' అనుకోనూ వద్దు. పెద్దకోడలి ఇంటి సంగతులు చిన్నకోడలి ఇంటికి మోసుకెళ్ళకూడదు.