పద్దుకెక్కని బాకీ

అలాస్కా ఉత్తర తీరం నుంచి దక్షిణానికి 1977 నుంచీ చమురు మోస్తున్న పైపులైన్ ఉంది. పొడవు దాదాపు 1,300 కిలోమీటర్లు. ఆ దారిలో చాలాచోట్ల నేల అడుగున ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది; దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వేడి చమురుకు ఆ నేల కరిగితే పైపే కుంగిపోతుంది. అందుకని సగానికి పైగా దూరం దాన్ని స్తంభాల మీదికి ఎత్తారు. వాటిలో చాలా స్తంభాలపైన రెక్కలు తొడిగిన సన్నని గొట్టాలు జంటగా నిలబడి ఉంటాయి. వాటి లోపల అమ్మోనియా ఉంటుంది. చలికాలంలో నేలలోని కాస్త వెచ్చదనానికే అది ఆవిరై పైకి వస్తుంది, రెక్కల దగ్గర చల్లబడి ద్రవమై మళ్లీ అడుగుకు జారుతుంది. మోటారు లేదు, విద్యుత్తు అక్కర్లేదు. నేల వేడిని తోడి గాలిలో పారబోయడమే దాని పని. అలాంటి గొట్టాలు లక్షకు పైగా ఉన్నాయి. 2023 మార్చిలో అమెరికా అనుమతించిన విల్లో చమురు ప్రాజెక్టుకూ నేలను చల్లబరిచే ఏర్పాటు కావలసి వస్తోంది. నేలను కరిగించే సరుకును తవ్వితీయడానికి ముందు ఆ నేలనే గడ్డకట్టించుకోవాలన్నమాట.

కథలో మిగతాది పాఠకులకు తెలిసిందే. పర్మాఫ్రాస్ట్‌లో దాదాపు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ నిల్వ ఉంది, వాతావరణంలో ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు. నేల కరిగితే అది కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులుగా బయటికి వస్తుంది. 2016లో సైబీరియాలోని యమల్‌లో, కరిగిన నేల నుంచి ఆంత్రాక్స్ వ్యాధి తిరగబెట్టి రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లను, ఒక బాలుణ్ని బలి తీసుకుంది. 2020లో రష్యాలోని నోరిల్స్క్‌లో ట్యాంకు కూలి ఇరవై వేల టన్నుల డీజిల్ ఒలికి నది ఎర్రబడింది. ఇవి వార్తలయ్యాయి. నన్ను వేధిస్తున్నది వార్త కాని విషయం: ఈ నేల వదిలే వాయువు ఏ దేశం ఖాతాలోనూ పడదు.

దీన్ని ‘మీథేన్ బాంబు’ అంటూ భయపెట్టవద్దని హెచ్చరించేవారున్నారు. వారి మాటలో న్యాయం ఉంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం, భూమి వేడెక్కే ప్రతి డిగ్రీకి శతాబ్దాంతానికి పర్మాఫ్రాస్ట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ రూపంలో సుమారు 1,800 కోట్ల టన్నుల కార్బన్ వెలువడవచ్చు. ప్రపంచం రెండేళ్లలో కాల్చే ఇంధనాలు వదిలేంత కూడా కాదది. అయితే అదే నివేదిక ఆ అంచనా 310 కోట్ల నుంచి 4,100 కోట్ల టన్నుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చంటోంది. బాకీ మూడు రూపాయలో నలభై రూపాయలో తెలియనివాడు నిశ్చింతగా ఉండడానికి అది కారణమవుతుందా?

భూమి వేడిని హద్దులో ఉంచాలంటే ఇంకా ఎంత కార్బన్ వదలవచ్చన్న లెక్కే కార్బన్ బడ్జెట్. శాస్త్రవేత్తలు అందులో దీన్ని కలుపుతున్నారు. దేశాలే కలపడం లేదు. ఐక్యరాజ్యసమితికి సమర్పించే ఉద్గారాల జాబితాలో మనుషులు ‘నిర్వహించే’ భూముల లెక్కలే ఉంటాయి. ఏది నిర్వహించే భూమి అన్న గీతను ఆ దేశమే గీసుకుంటుంది. నిర్మానుష్యమైన టండ్రా, అంటే చెట్లు మొలవని ధ్రువ ప్రాంతపు మైదానం, గీతకు అవతల ఉండిపోతుంది. సరే, ప్రకృతి చేసినదానికి దేశాన్ని నిందించడం ఎందుకంటారా? అలాగైతే ప్రకృతి చేసిన మేలు కూడా దేశానికి జమ కాకూడదు కదా! రష్యా 2021లో ప్రకటించిన వ్యూహం చూడండి. 2050 నాటికి అడవులు, ఇతర భూములు పీల్చుకునే వాయువును 53.5 కోట్ల టన్నుల నుంచి 120 కోట్ల టన్నులకు పెంచి చూపాలన్నది అందులోని అంచనా. ఆ దేశ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు పర్మాఫ్రాస్ట్. సైబీరియా లార్చ్ అడవుల వేళ్లు దిగింది ఆ నేలలోనే. చెట్టు పీల్చింది జమకు వస్తుంది, దాని కింది మట్టి వదిలింది ప్రకృతి లీల అవుతుంది.

కెనడా ఇదే పనిని మరింత మర్యాదగా చేస్తుంది. 2023లో అక్కడ దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలిపోయాయి. కార్చిచ్చు పొగను ‘సహజ విపత్తు’ కింద పక్కన పెడతారు. కాలిన చోట అడవి తిరిగి ఎదిగి పక్వానికి వచ్చాక, అది పీల్చే కార్బన్‌ను మాత్రం లెక్కలోకి తెచ్చుకుంటారు. పైగా ఆ మంటలకు నేలపైని నాచు, పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) పొర కాలిపోతాయి. వేసవి ఎండ తగలకుండా పర్మాఫ్రాస్ట్‌ను కాచే దుప్పటి ఆ పొరే. అది పోయాక కింద మొదలయ్యే కరుగుదల ఏళ్ల తరబడి సాగుతుంది. ఏ గుమాస్తా దస్తరంలోనూ దానికి చోటు లేదు.

ఆ మాటకొస్తే వాతావరణ దౌత్యమంతా ఇలాంటి దస్తరమే. అంతర్జాతీయ విమానాలు, ఓడల పొగను జాతీయ మొత్తాల్లో కలపరు; విడిగా రాసి ఊరుకుంటారు. సైన్యాల ఉద్గారాలను చెప్పడం, చెప్పకపోవడం ఇప్పటికీ దేశాల ఇష్టమే. ఈ మినహాయింపులన్నీ తీసేశాక మిగిలినదానికి ‘నెట్ జీరో’ (వదిలినంతా పీల్చుకున్నదానితో సరిపోవడం) అని పేరు పెట్టి, దశాబ్దాల తరవాతి తేదీ వేసి, సంతకాలు చేస్తున్నారు. ఒక వ్యాపారి తన ఆవర్జాలో ఇన్ని పుటలు అంటించేస్తే ఆడిటర్ ఊరుకుంటాడా? ఇక్కడ వ్యాపారే ఆడిటర్.

కొలిచే అవకాశం కూడా కుంచించుకుపోతోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఉత్తర ధ్రువ దేశాల ఉమ్మడి వేదిక ఆర్కిటిక్ మండలి పని కొంతకాలం ఆగింది, రష్యా కేంద్రాలతో పాశ్చాత్య శాస్త్రవేత్తల సంబంధాలు చాలావరకు తెగిపోయాయి. ఆర్కిటిక్ మాత్రం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కుతూనే ఉంది. కార్చిచ్చులను కూడా కలిపి చూస్తే టండ్రా ఇప్పుడు కార్బన్‌ను దాచుకునే చోటు కాదని, వదిలే చోటని అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఓఏఏ 2024 నివేదిక తేల్చింది.

పారిస్ ఒప్పందం కింద ప్రపంచ దేశాల రెండో ఉమ్మడి సమీక్ష 2028లో జరగాలి. అందులో పర్మాఫ్రాస్ట్ కోసం ఒక్క వరుస కొత్తగా గీయడానికి కొత్త ఒప్పందమేదీ అక్కర్లేదు. ఏ దేశం పేరు రాయాలన్న దగ్గర పేచీ వస్తుందంటారా, పేరు గడి ఖాళీగా వదిలేయండి. అంకె మాత్రం రాయండి.