దేవుళ్ల బదిలీలు

ఆధునికత వస్తే దేవుళ్లకు పని పోతుందని బెంగపడేవారు నైజీరియాలోని యొరూబా జాతి దేవతల సర్వీసు రిజిస్టరు ఒకసారి తిరగేయాలి. ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. బదిలీలు జరిగాయి, అంతే.

ఓగున్‌కైతే పదోన్నతే దక్కింది. ఇనుముకు అధిపతి ఆయన. ఒకప్పుడు కమ్మరి కొలిమి, వేటగాడి కత్తి చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు లారీలు, టాక్సీలు, మెకానిక్ షెడ్లు ఆయన కిందికే వచ్చాయి. నైవేద్యం మాత్రం పెరగలేదు. అదే తాటికల్లు, అదే కుక్క. (ఆధునికత వల్ల ఏం మారిందని ఆ కుక్కను ఎవరూ అడగలేదు.)

పైగా న్యాయశాఖలో అదనపు బాధ్యతలు. కోర్టులో బైబిలూ ఖురానూ వద్దనుకున్న సాక్షి ఇనుప ముక్క పట్టుకుని ఓగున్ మీద ప్రమాణం చేస్తాడు. నాయకుల చేత కూడా ఇనుము మీదే ప్రమాణం చేయించాలనే డిమాండు అక్కడ అప్పుడప్పుడు లేస్తుంటుంది. బైబిలు, ఖురాను మతాల్లో తీర్పు ప్రళయం దాకా వాయిదా. ఓగున్‌కు అంత ఓపిక లేదు, తప్పుడు ప్రమాణం చేసినవాడికి లారీ రూపంలో ఎదురొస్తాడని నమ్మకం. ఈ సంస్కరణ అమలైతే మంత్రివర్గానికి మనుషులు దొరకరేమోనని, ప్రజాస్వామ్యం మీద మమకారం కొద్దీ, నేను ఆందోళన చెందుతున్నాను.

జాలిపడాల్సింది షాంగోను చూసి. పిడుగుల దేవుడు. శిల్పి బెన్ ఎన్వొన్వు 1964లో చేసిన ఆయన కంచు విగ్రహాన్ని లాగోస్‌లో విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం ముందు నిలబెట్టారు. ఆకాశమంతా వెలిగించగల దేవుడు కరెంటు ఆఫీసుకు కాపలా కాస్తూ ఊళ్లో జనరేటర్ల మోత వింటున్నాడు.

ఆకాశం ఉరిమితే ఆయన భక్తులు ‘కబియేసి’ అని దండం పెడతారు. అది రాజులను పిలిచే పిలుపు. ఎదురు ప్రశ్న వేయరాని ప్రభువని భావం. ఇంట్లో బల్బు వెలిగితే మాత్రం పిల్లలు ‘అప్ నేపా!’ అని గంతులేస్తారు. నేపా అంటే ప్రభుత్వ విద్యుత్ సంస్థ. దాన్ని 2005లోనే ఎత్తేశారు, 2013లో పంపిణీని ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. అయినా కేక ఆగలేదు. లేని సంస్థ పేరు తలుచుకుని వీధి వీధంతా చేతులెత్తుతోంది.

షాంగోకు ఈ కొత్త దేవతతో పోటీ కష్టం. ఎప్పుడు ప్రత్యక్షమవుతుందో తెలియదు, ఎందుకు అలిగిందో చెప్పదు, ప్రశ్నించడానికి అసలు లేనే లేదు. కానుక మాత్రం ముక్కుపిండి వసూలవుతుంది. మీటరు లేని ఇంటికి అంచనా బిల్లు వస్తుంది.