మాగ్నెటోస్ఫియర్ పేరు చెప్పి ఫోన్లు ఆపించకండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. భూమి చుట్టూ ఉన్న మాగ్నెటోస్ఫియర్‌లో, అంటే భూమి అయస్కాంత ప్రభావం ఉండే అంతరిక్ష ప్రాంతంలో, భారీ కరెంటు పుట్టిందని నాసా ఉపగ్రహం కనిపెట్టిందట. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా అది కిందికి దిగుతుందట. పిడుగులు పడతాయి, ఫోన్లు పేలతాయి, గుండెకు ప్రమాదం, కాబట్టి ఫోన్లు స్విచాఫ్ చేయండి అని ముగింపు. తేదీ మాత్రం ఉండదు. ఎప్పుడొచ్చినా "ఈ రాత్రే".

ఇందులో నిజం ఒక్కటే: ఉపగ్రహాలు అక్కడి విద్యుత్ క్షేత్రాన్ని కొలుస్తున్నాయి. ఎలా కొలుస్తున్నారో తెలిస్తే "భారీ" అన్న మాట నిలబడదు.

2015 మార్చిలో నాసా ఎంఎంఎస్ పేరుతో నాలుగు ఉపగ్రహాలు పంపింది. ఒక్కోదాని నుంచి నాలుగు వైపులకు 60 మీటర్ల సన్నని తీగలు చాచి ఉంటాయి, ఒక్కో తీగ కొసన ఒక చిన్న గోళం. ఉపగ్రహం నిమిషానికి మూడు చుట్లు తిరుగుతుంటుంది, ఆ ఊపుకే తీగలు బిగుసుకుని నిలుస్తాయి. ఎదురెదురు గోళాల మధ్య వోల్టేజీ తేడాను వాటి దూరంతో, అంటే సుమారు 120 మీటర్లతో, భాగిస్తే క్షేత్రం ఎంతో తెలుస్తుంది. అంత పొడవు ఎందుకంటే, ఎండకు ఉపగ్రహం నుంచే ఎలక్ట్రాన్లు లేచిపోయి దానికి కొన్ని వోల్టుల ఛార్జి వచ్చేస్తుంది. దగ్గర్లో కొలిస్తే ఆ ఛార్జే కనిపిస్తుంది, అసలు క్షేత్రం కాదు. అక్కడ మామూలుగా ఉండేది మీటరుకు కొన్ని మిల్లీవోల్టులు (మిల్లీవోల్టు అంటే వోల్టులో వెయ్యో వంతు). చిన్న చిన్న చోట్ల, కాసేపు, వందల్లోకి వెళ్తుంది. మీటరుకు ఒక మిల్లీవోల్టు ఉంటే 120 మీటర్ల దూరానికి వచ్చే తేడా 0.12 వోల్టు. గోడ గడియారం బ్యాటరీది 1.5 వోల్టులు.

ఇక కిందికి దిగడం. మబ్బు లేని రోజున కూడా మనం నిలబడ్డ చోట గాలిలో మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం ఉంటుంది. ఆ ఒక్క మిల్లీవోల్టుకు ఇది లక్ష రెట్లు. పుట్టినప్పటి నుంచి అందులోనే తిరుగుతున్నాం, ఎవరి గుండే ఆగలేదు.

ఫోన్ల సంగతికొస్తే, సౌర తుపానుతో, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల ఉధృతితో, నష్టం జరగదని నేననను. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 60 లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు పోయింది. కానీ అది ధ్రువానికి దగ్గరి ప్రాంతం. భూ అయస్కాంత క్షేత్రం వేగంగా మారి, వందల కిలోమీటర్ల కరెంటు లైన్లలో అదనపు ప్రవాహం పుట్టింది. మీటరుకు ఒక మిల్లీవోల్టు చొప్పున 100 కిలోమీటర్ల లైనుకు 100 వోల్టులవుతుంది. జానెడు ఫోనుకు ఏమవుతుంది?

నాకు కోపం తెప్పించేది పిడుగుల మాట. పిడుగు పుట్టేది మబ్బులోనే. మంచు పలుకులు, మెత్తని వడగళ్లు ఒకదానికొకటి తగిలి ఛార్జీలు విడిపోతాయి. ఇదంతా మన తల మీద పదిహేను కిలోమీటర్ల లోపు వ్యవహారం. మాగ్నెటోస్ఫియర్ వేల కిలోమీటర్ల పైన ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మహేంద్రగిరి వైపు మధ్యాహ్నం నల్లగా కమ్ముకొస్తుందే, జీడితోటల్లో మనుషులు ఉండగానే, భయపడాల్సింది దానికి. ఒడిశాలో పిడుగుపాటుకు ఏటా ఎంతోమంది పోతున్నారు. అలాంటి చోట ఫోన్లు ఆపమని చెప్పడం ఘోరం. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగు ముప్పుంటే చెబుతుంది. ఫోను ఆగిపోతే ఆ హెచ్చరిక ఎవరికి చేరుతుంది?

ఉరుములప్పుడు ఛార్జర్ మాత్రం పీకేయండి. పిడుగు కరెంటు తీగ వెంట ఇంట్లోకి వస్తుంది. తీగ లేకుండా చేతిలో ఉన్న ఫోను పిడుగును పిలవదు. ఉరుము వినబడగానే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.