‘లోకి’ జన్యువును ఎవరు కత్తిరిస్తారు?

వరి విషయంలో అణు జీవశాస్త్రం తన వంతు పని దాదాపు పూర్తి చేసింది. మిగిలింది వరి తినేవాడే. ఆ దిశగా పరిశోధన మొదలుపెట్టమని ప్రభుత్వాన్ని, శాస్త్రవేత్తలను సవినయంగా కోరడానికే ఈ వ్యాసం.

ముందు వాళ్లు చేసింది ఒప్పుకోవాలి. 1986లో బాపట్లలో బీపీటీ 5204 అనే సాంబా మసూరి పుట్టింది. సన్నగా, మెత్తగా, ఎంత తిన్నా ఇంకా తినాలనిపించేలా. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు పట్టుకుంటే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వాళ్లు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణం ద్వారా అందులోకి తెచ్చారు. 2008లో విడుదలైంది. పంటకు వైద్యం చేస్తే తినేవాడికీ కలిసొచ్చింది: ఆ బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత జోరుగా పెరుగుతుందో చెప్పే అంకె, 50.99 అని తేలింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. ఆ అంకె తెలిసిన రోజు మా బావగారు పండగ చేసుకున్నారు. దేంతో చేసుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

2024లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇంకో అడుగు వేసింది. మన సాంబా మసూరిని అమైలోజ్ ఎక్కువుండే రకంతో కలిపి, ఇండెక్స్ 45 కంటే కిందికి దిగే వంగడాలు సాధించింది. అమైలోజ్ అంటే కొమ్మల్లేని పిండి గొలుసు. చుట్టుకుని గట్టిగా కూర్చుంటుంది, పేగుల్లోని ఎంజైములకు తొందరగా లొంగదు. తరవాత 2025 మేలో రాజేంద్రనగర్ వాళ్లే ‘కమల’ను ప్రకటించారు. ఇది జన్యు సవరణ బియ్యం. సైటోకైనిన్ అనే హార్మోనును విరగ్గొట్టే ఒక ఎంజైము ఉంది. దాని జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సవరించి దూకుడు తగ్గించారు. హార్మోను మిగిలింది, కంకికి గింజలు పెరిగాయి, దిగుబడి 19 శాతం ఎక్కువన్నారు. వరి జన్యుపటంలో దాదాపు 40 కోట్ల అక్షరాలుంటాయి. అందులో సరిగ్గా కావలసిన చోటికే వెళ్లి కత్తెర వేస్తుందట క్రిస్పర్. నేను ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె ఎక్కడుందో కనిపెట్టలేను.

అంటే ఒక ప్రయోగశాల గింజలో చక్కెర జోరు తగ్గిస్తోంది, ఇంకోటి కంకిలో గింజలు పెంచుతోంది. తెలుగువాడు రెండింటినీ మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాడు.

ఇక్కడే శాస్త్రం ఒక పొరపాటు చేసింది. ఈ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. రాత్రంతా ఏమీ తినని మనిషికి 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న తిండి పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర చూస్తారు. 50 గ్రాముల పిండిపదార్థం అంటే ఉడికిన అన్నం సుమారు 180 గ్రాములు. ఒక కప్పు. ఆ కప్పు తిని మనిషి చెయ్యి కడుక్కుంటాడని టొరంటోలో అనుకున్నారు.

మన దగ్గర అన్నం ఒక వంటకం కాదు. అది విభక్తిని బట్టి నడుస్తుంది. పప్పులోకి కాస్త. పచ్చడిలోకి కాస్త. చారులోకి కాస్త. పెరుగులోకి, మరీ కాస్త. మధ్యలో ‘ఈ కూర ఊరికే మిగిలిపోతోంది’ అంటూ ఇంకొంచెం. ప్రతి ‘లోకి’కీ ఒక కప్పు. లెక్క చూడండి. ఇండెక్స్‌ను తిన్న పిండిపదార్థం గ్రాములతో గుణించి వందతో భాగిస్తే వచ్చేది గ్లైసీమిక్ లోడ్, అంటే ఒంటిమీద పడే మొత్తం చక్కెర భారం. ఇండెక్స్ 73 ఉన్న మామూలు అన్నం ఒక కప్పు తింటే అది 36.5. ఇండెక్స్ 51 ఉన్న ‘మంచి’ బియ్యం నాలుగు ‘లోకి’లకు తింటే 102. షుగర్‌కి మంచిదని కొన్న బియ్యంతో దాదాపు మూడింతలు ప్రగతి సాధించామన్నమాట.

అందుకే నా ప్రతిపాదన: తెలుగువాడిలో ‘లోకి’ జన్యువును గుర్తించి, దాని నోరు మూయించాలి. లక్షణాలు నేనే సేకరించి పెట్టాను. అది బహిర్గత లక్షణం. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా పిల్లలకు వస్తుంది. వాతావరణం మారినా చెక్కుచెదరదు, డాలస్ వెళ్లినవాళ్ల సూట్‌కేసులో ఆవకాయతోపాటు భద్రంగా దిగుతుంది. వడ్డించేవాళ్లలో ఇంకా బలంగా పనిచేస్తుంది. మా ఆవిడ ఎదుట ఏ కత్తెరా నిలవదు. “అన్నయ్యగారూ, అదేంటి అప్పుడే? పెరుగులోకి కాస్త వేయనా?” అన్న వాక్యంలోని రసాయన శక్తిని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. నిధులు లేవేమో.

శాస్త్రాన్ని వంటింట్లోకి తెస్తే ఏమవుతుందో కూడా చూశాను. ఇండోనేషియాలో 2015లో ఒక అధ్యయనం జరిగింది. అన్నం వండి, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ వేడి చేస్తే పిండి గొలుసులు దగ్గరకు జరిగి బిగుసుకుంటాయి. జీర్ణం కాని పిండి నూరు గ్రాముల అన్నంలో 0.64 గ్రాముల నుంచి 1.65 గ్రాములకు పెరిగింది. ఈ ముక్క బావగారి చెవిన పడింది. మర్నాటి నుంచి వాళ్లింటి ఫ్రిజ్ నిండా అన్నమే; కూరగాయలు బయట వాడిపోతున్నాయి. “పిండి జీర్ణం కాదట కదోయ్, ఇంకేం టెన్షన్?” అని నిన్న గరిటెడు ఎక్కువ వేసుకున్నారు. గ్రాము మిగిలిందని గరిటెడు! ఇంటర్‌లో ఆయనకు లెక్కల్లో తొంభై ఆరు.

ప్రయోగశాలలు ముందుకొచ్చేలోగా మా కాలనీలోనే చిన్న అధ్యయనం మొదలుపెడదామని అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో కాగితం అంటించాను. వాలంటీర్లు కావలెను. భోజనం ఉచితం. కప్పు అన్నం, ఒక పచ్చడి, తరవాత రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, నాలుగైదు సార్లు వేలికి సూది గుచ్చుతాం. అర్హత: రెండో ‘లోకి’ దగ్గర వద్దని చెప్పగలగాలి.

మూడు వారాలైంది. ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. సూది గురించి అడగలేదు, అర్హత గురించి అడగలేదు. పచ్చడి ఏంటని అడిగారు.