నీరటికి తరగతి గదిలో కుర్చీ వేయాలి

ఆరో తరగతిలో ఉన్నప్పుడు వానకాలం మీద వ్యాసం రాస్తూ "మా ఊరి చెరువు మత్తడి దుంకింది" అని రాశాను. మా సారు ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "చెరువు పొంగి పొర్లింది" అని దిద్దారు. ఆయన మంచి మనిషే. కానీ ఇంట్లో, వాడకట్టులో, పొలం గట్ల మీద రోజూ వినే మాట బడికి పనికిరాదన్న సంగతి ఆనాడే నా మనసులో నాటుకుపోయింది. నిజానికి నిండిన చెరువులోని మిగులు నీరు తన కోసం కట్టిన దారిన దిగిపోతే మత్తడి దుంకడం, కట్ట మీదుగా పొర్లితే కట్ట తెగి ఊరు మునగడం. ఆ దిద్దుబాటుతో సరైన వాక్యం తప్పయింది.

గత డిసెంబరులో నర్సంపేట దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడు, అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే మేడం, ద్రవాల పీడనం పాఠానికి ఊరి నీరటిని పిలిపించారు. చెరువు తూము తెరిచి మూస్తూ, ఆయకట్టులో ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూసే మనిషి నీరటి. డెబ్బై దాటిన ఆ పెద్దాయన చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడిపోతే, మేడం తన కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. కట్ట అడుగున అంత వెడల్పు, పైన ఇంత ఇరుకు ఎందుకని ఒక పిల్లవాడు అడిగాడు. "నీళ్లు పైన మెత్తగుంటయి బిడ్డా, లోతుకు పోయినకొద్ది నూకుతయి. నిండు చెరువుల తూము లేపి చూడు, నీ రెక్కలకు ఎరుకైతది" అన్నారాయన. లోతుతో పాటు పీడనం పెరుగుతుందన్న సూత్రాన్ని మేడం ఆ తర్వాతే బోర్డు మీద రాశారు. ఆయన మనుమరాలు అదే తరగతిలో చదువుతోంది. ఇంటి పెద్ద వృత్తి అన్న గడిలో ఆ అమ్మాయి అంతకుముందు "కూలి" అని రాసిందట. ఆ రోజు మాత్రం తాత పక్కనే నిలబడి, ఆయన వాడిన మాటలకు తోటి పిల్లలకు అర్థం చెప్పింది.

పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు కాకతీయుల కాలం నుంచి నేటి దాకా పొలాలకు నీరిస్తున్నాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక, బడి పిల్లలు బస్సుల్లో వెళ్లి ఫోటోలు దిగి వస్తున్నారు, అది సంతోషమే. అయితే నీటిలో తేలే ఆ శిఖరపు ఇటుక సాంద్రత పాఠంలోకి, ఇసుక నింపిన ఆ పునాది భూకంపాల పాఠంలోకి వచ్చినప్పుడే, ఆ గుడి పిల్లలకు నిజంగా తమదవుతుంది.

ఊరి మనుషులనూ ఊరి మాటనూ ఇలా బడిలోకి తేవడం కొత్త ఆలోచన కూడా కాదు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, గోండుల ఊరు మార్లవాయిలో నివసిస్తూ, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం అక్కడ వెలిసేలా చేశారు. వారి కోసం గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులు నేటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

మన బడుల్లో సంస్కృతి అంటే ఎక్కువగా వార్షికోత్సవం నాటి నృత్యమే. బతుకమ్మ ఆడించడం మంచిదే గానీ, అదే ఊళ్లో లంబాడీల తీజ్ ఉంది, కులమతాల తేడా లేకుండా అందరూ దట్టీలు కట్టే పీరీల పండుగ ఉంది, చిందు కళాకారుల యక్షగానం ఉంది, మేడారంలో సమ్మక్క సారలమ్మలను గద్దెకు తెచ్చే కోయ పూజారుల సంప్రదాయం ఉంది. వీటిలో ఏది బడిలోకి వస్తుంది, ఏది గేటు బయటే ఆగుతుంది అన్నది పిల్లలు చాలా తొందరగా కనిపెడతారు. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. నేతపని గురించి చెప్పేటప్పుడు నేతన్న కొడుకును లేపి నిలబెట్టడం, కులవృత్తిని ఆ పిల్లవాడి నుదుట రాయడం ఎంతమాత్రం తగదు. వరంగల్ కొత్తవాడలో తివాచీ నేసే మనిషి పోగులు ఎంచే లెక్క అన్ని ఇళ్ల పిల్లలూ నేర్చుకోవలసిన గణితం. దాన్ని ఆయనే వచ్చి చెప్పాలి.

అలా వచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వస్తారు. మా ఊరి నీరటికి శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, రూపాయి ఇవ్వలేదు. ఇవ్వడానికి బడి ఖర్చుల పద్దులో అలాంటి గడి లేదని మేడం బాధపడ్డారు. ఊళ్లకు దూరంగా ఉంటున్న మన తెలుగువాళ్ల సంఘం ఇన్నేళ్లుగా సొంత ఊళ్ల బడులకు కంప్యూటర్లు, బెంచీలు, మంచినీటి యంత్రాలు పంపింది. ఈ ఏడాది నిధిలో కొంత భాగాన్ని ఊరి పెద్దలకు బోధన రుసుముగా కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఎవరిని పిలవాలో, ఏ పాఠానికి పిలవాలో అక్కడి ఉపాధ్యాయులే నిర్ణయించాలి. ఫోటోలు పంపమని మనం అడగకూడదు.

ఇక్కడి మన వారాంతపు తెలుగు తరగతికీ ఇది వర్తిస్తుంది. పోయిన నెల మా తరగతి పిల్లలకు గుణింతాలతో పాటు ఒక ప్రశ్న ఇచ్చి పంపాను. మీ అమ్మమ్మ ఊరి చెరువు పేరేమిటి, దాని మత్తడి ఏ దిక్కున ఉంది? జవాబు కోసం పిల్లల కంటే ముందు వాళ్ల అమ్మానాన్నలే ఊళ్లకు ఫోన్లు చేశారు.