34బి మాహాత్మ్యం

భారతదేశంలో స్త్రీలు రెండు రకాలు: 34బి, 36బి. ఇది ఏ విశ్వవిద్యాలయమో కనిపెట్టింది కాదు. మద్రాసులో, మాంబలం రైల్వే స్టేషన్ నుంచి ఉస్మాన్ రోడ్డు దాకా సాగే రంగనాథన్ వీధిలో, గోడ నిండా బ్రాల అట్టపెట్టెలు పేర్చుకున్న వ్యాపారులు అనుభవం మీద తేల్చిన సత్యం. ఎవరైనా ఈ రెంటికీ చెందకుండా పుట్టి ఉంటే ఆ లోపం వాళ్ళ అమ్మానాన్నలది. కొట్టువాడేం చేస్తాడు పాపం?

ఈమధ్య ఈ వ్యాపారుల మీద ఆడవాళ్ళు, ముఖ్యంగా కాస్త బరువైన రొమ్ములున్నవాళ్ళు, అభాండాలు వేస్తున్నారు. టేపు పెట్టి కొలవరట. ఉన్న సరుకే అంటగడతారట. మద్రాసులో పుట్టిపెరిగిన తెలుగుదాన్ని, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పకపోతే తప్పు. ఆ పేట మీద మనకో హక్కుంది మరి. ఆ వీధి ఉన్న టీ.నగర్ అంటే పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. దాని నడిబొడ్డున ఉన్న పార్కు పానగల్ రాజాగారి పేరు. ఇద్దరూ తెలుగు పెద్దలే. అలాంటి చోట జరిగే న్యాయాన్ని మనమే శంకిస్తే ఎట్లా?

వాళ్ళ పద్ధతి ఎంత గొప్పదో చూడండి. మీరు కొట్టు ముందు నిలబడతారు. అతను మీ చున్నీ వైపు ఒక్కసారి చూస్తాడు, అదీ అరక్షణం, అంతకన్నా ఎక్కువ చూస్తే బాగుండదు కాబట్టి. వెంటనే పెట్టె తీస్తాడు. "34 తీసుకోమ్మా, ఉతికితే సరిపోతది." బిగుతుగా ఉంటే ఉతికితే సాగుతుంది. వదులుగా ఉంటే ఉతికితే ముడుచుకుంటుంది. సబ్బునీళ్ళకి ఇన్ని శక్తులున్నాయని ఆ వీధి దాటితే ఎక్కడా చెప్పరు. ఆ తర్వాత దినపత్రికలో చుట్టడం, నల్ల కవర్లో వెయ్యడం, చిల్లర చేతిలో పెట్టడం. అంతా మూడు నిమిషాల్లో అయిపోతుంది.

అదే పక్కన పట్టుచీరల కొట్టుకి వెళ్ళండి. నెల్లూరు నుంచి పెళ్ళి బట్టలకి దిగిన కుటుంబం పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటుంది. చీరకి కొలతంటూ లేదు. ఐదున్నర మీటర్లు ఎవరు కట్టుకున్నా సరిపోతుంది. దాన్ని ఎంచడానికి అత్తగారు, పిన్నమ్మ, మేనత్త, మధ్యలో కాఫీ, మూడు గంటలు. ఇంచు తేడా వస్తే ఒళ్ళంతా పట్టి పీడించే బట్టకి మాత్రం మూడు నిమిషాలు, అదీ తలొంచుకుని. మన జాతికి సమయం విలువ తెలియదని ఎవరన్నారు?

ఇప్పుడు ఎదుటిపక్షం వాదన కూడా వినాలి. ఖండించడానికైనా వినాలి కదా.

వాళ్ళు చెప్పేది ఇదీ. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ, ఊపిరి వదిలేసి టేపు బిగించి కొలవాలట. అది బ్యాండు సైజు, అంటే ఒంటి చుట్టూ తిరిగే పట్టీ కొలత. తర్వాత రొమ్ముల మీదుగా, బాగా నిండుగా ఉన్నచోట, బిగించకుండా కొలవాలట. బరువుగా ఉండి కిందికి జారేవాళ్ళు కాస్త ముందుకి వంగి కొలుచుకోవాలట. ఈ రెండు కొలతల మధ్య తేడాయే కప్పు. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. అంటే డి అన్నది నాలుగంగుళాల తేడా, అంతే. డి అనగానే ఏదో కొండలు గుట్టలు ఊహించుకుని ఇకిలించే మగవాళ్ళకి ఇదెంత నిరాశ!

అంతటితో ఆగలేదు. లీటరు పాలంటే నెల్లూర్లో కొలిచినా మైలాపూర్లో కొలిచినా లీటరే. కప్పు అక్షరం అలా కాదంటారు. పక్కన ఏ బ్యాండు ఉందో చూస్తే గాని ఆ అక్షరానికి అర్థం లేదట. 30డి, 32సి, 34బి, 36ఏ, ఈ నాలుగింటి కప్పులూ పట్టేది ఒకటేనట. చుట్టుకొలత ఒక్కటే మారుతుంది. బక్కగా ఉండి డి కప్పు వేసుకునే పిల్ల మన పక్కనే బస్సులో నిలబడి ఉన్నా మనకి తెలియదన్నమాట. ఇలాంటి గందరగోళం ఎందుకనే కదా మన వ్యాపారులు 34బి దగ్గర ఆగిపోయారు!

మా వదిన సంగతి చెప్తాను. ఆవిడకి రొమ్ముల కింద 32 అంగుళాలు, పైన 39. తేడా ఏడు. టేపువాదుల లెక్కలో, అంటే బ్రిటన్ పద్ధతిలో, ఆవిడ సైజు 32ఎఫ్. ఇది ఇంట్లో పైకి చదవగలిగే సైజేనా? మన సంప్రదాయంలో ఇంతకన్నా మర్యాదైన లెక్క ఉంది. చాలా సైజు పట్టికలు ఇప్పటికీ అదే చెప్తాయి: కింద కొలతకి నాలుగు కలుపు. 32కి నాలుగు కలిపితే 36. 39లోంచి 36 పోతే మూడు. మూడంటే సి. వదిన 36సి అయిపోయింది, చక్కగా సంసారపక్షంగా. కొట్లో 36సి లేదు. "38బి తీసుకోమ్మా, అదీ ఇదీ ఒకటే" అన్నాడు. కప్పు వరకు అతను చెప్పింది అక్షరాలా నిజం, 36సి, 38బి కప్పులు ఒకటే. కాకపోతే వదినకి కావలసిన కప్పుకన్నా అది రెండు సైజులు చిన్నది, బ్యాండు మూడు సైజులు పెద్దది. అలాంటి చిన్న చిన్న విషయాలు పట్టించుకుంటే వ్యాపారాలు సాగవు.

బరువులో ఎక్కువ భాగం మొయ్యాల్సింది చుట్టూ ఉన్న బ్యాండు. అది వదులైతే ఆ పని భుజాల మీద పట్టీలకి పడుతుంది. పట్టీలు బిగిస్తే వెనక బ్యాండు మెడ వైపు పాకుతుంది. వెనక ఎక్కినంత ముందు దిగుతుంది. మళ్ళీ పట్టీలు బిగిస్తాం. ఇలా బిగించి బిగించి వదిన రెండు భుజాల మీదా గాడులు పడ్డాయి, వేలు పెడితే ఆనేంత. అది ఆఫీసు బ్యాగు బరువని మా అమ్మ సిద్ధాంతం. మెడ నొప్పికి డాక్టరుగారు కాల్షియం రాశారు. బాగా పనిచేస్తోంది, గాడులు చాలా బలంగా తయారయ్యాయి.

అసలీ అక్షరాల పిచ్చి మనది కాదు. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే ఆవిడ రెండు చేతిరుమాళ్ళు, కాస్త రిబ్బను కలిపి కుట్టించుకున్న దానికి పేటెంటు తెచ్చుకుంది. అంతవరకు బాగానే ఉంది, అందులో కప్పుల లెక్కేమీ లేదు. 1932లో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీ రొమ్ముల పరిమాణాన్ని ఏ, బి, సి, డి అంటూ అక్షరాల్లోకి దింపింది. నాలుగే అక్షరాలు. డి తర్వాత స్త్రీజాతి ఉండదని వాళ్ళ నమ్మకం కాబోలు. ఉందని తేలాక ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. బ్రిటన్‌లో డి, డిడి, ఇ, ఎఫ్, ఎఫ్ఎఫ్, జి, జిజి, హెచ్, హెచ్‌హెచ్ అని సాగి, ఐని మాత్రం ఎగరగొట్టి జె దగ్గర తేలతారు. అమెరికాలో డి, డిడి, డిడిడి అని అదే అక్షరం మీద నిలబడి అరుస్తారు. అందుకని బ్రిటన్‌లో 32ఎఫ్ అయిన మా వదిన అమెరికాలో 32జి, జర్మనీలో 70జి, ఫ్రాన్స్‌లో ఇంకో 15 కలిపి 85జి. వీసా లేకుండా ఇన్ని దేశాల్లో ఇన్ని రకాలుగా ఉండగలిగిన ఆడది మా ఇంట్లో ఆవిడొక్కతే. మన మార్కెట్లో ఈ పద్ధతులన్నిటి సరుకూ కలగలిసి దొరుకుతుంది, ఏ పెట్టె ఏ దేశం లెక్కలో ఉందో వెతుక్కోవడం కొనేవాళ్ళ ఖర్మ. మన ఒళ్ళకి మన పట్టిక ఉండాలని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) వాళ్ళు సుమారు 25,000 మందిని 3డి స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. అంత కష్టమెందుకు? రంగనాథన్ వీధిలో ఒక స్టూలు వేసుకుని కూర్చుంటే సరిపోయేది.

పెద్ద సైజులు అసలు దొరకవన్నది మాత్రం అబద్ధం. దొరుకుతాయి. అవి అటక మీద ఉంటాయి. అటక మీదికి కుర్రాణ్ణి పంపాలి కాబట్టి కొట్టువాడు గొంతెత్తుతాడు: "డేయ్, 42 ఒణ్ణు ఎరక్కుడా!" (ఒరేయ్, 42 ఒకటి దించరా!) వీధిలో మల్లెపూలమ్మే ఆమె, గిన్నెలు బేరమాడే కుటుంబం, మొబైల్ కవర్లవాడు, అందరూ ఒకసారి మిమ్మల్ని చూసి 42ని నిర్ధారించుకుంటారు. పైనుంచి దిగేది చందనం రంగులో ఉంటుంది. పెద్ద సైజులకి చందనం రంగే రాసిపెట్టి ఉంది. ఎరుపు, నీలం, లేసు పూలు, ఇవి చిన్న కప్పుల సొత్తు. 42 వేసుకునే మనిషికి పూలెందుకు, మోక్షం గురించి ఆలోచించుకోవాలి గాని.

ఇంకో మాట. ఆ 42 కూడా బ్యాండే. కప్పు పెద్దది కావలసినవాళ్ళకి బ్యాండు పెంచి ఇవ్వడం మన వైద్యం.

టేపువాదులు ఇంటికొచ్చాక కూడా వదలరు. అద్దం ముందు పరీక్షలట. కొత్త బ్రా చివరి హుక్కు మీద, అంటే అన్నిటికన్నా వదులుగా ఉన్నదాని మీద బిగుతుగా కూర్చోవాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులకి జరుపుకోవాలి. వెనక బ్యాండు నేలకి సమాంతరంగా ఉండాలి, రెండు వేళ్ళు మాత్రం దూరాలి. రెండు కప్పుల మధ్య ముక్క ఎదురురొమ్ము ఎముకకి ఆనుకోవాలి. అది గాల్లో తేలుతోందంటే చాలాసార్లు కప్పు చిన్నదైనట్టు. కప్పు అడుగున ఉండే తీగ రొమ్ము మీద ఎక్కి కూర్చోకూడదు, చంకవైపు కండంతా లోపల పెట్టుకుని చుట్టూ తిరగాలి. ముందుకి వంగి, చంక కిందనుంచి చేత్తో తోసి కప్పులోకి సర్దుకున్నాక చూడాలి, పైఅంచు దగ్గర పొంగి రెండు అంతస్తులుగా కనబడుతోందా అని. కనబడితే ఒక సైజు పెద్ద కప్పు. ముడతలు పడితే ఒక సైజు చిన్న కప్పు. చేతులెత్తితే బ్యాండు పైకి వస్తే ఇంకో చిన్న బ్యాండు తీసుకోవాలి, దాంతోపాటు అక్షరం ఒకటి పెంచుకోవాలి. వదిన ఇదంతా చేసింది. చేసి, అద్దం ముందునుంచి వచ్చి, "ఇరవై ఏళ్ళు నన్ను లావన్నారు కదే మీరంతా" అంది. సైజుల మీద ఎక్కువ చదివితే ఇంట్లో ఇలాంటి మాటలు పుడతాయి.

ఖర్చు సంగతి. 2009లో బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళు డిడి, ఆపై కప్పులకి రెండు పౌన్లు ఎక్కువ తీసుకుంటున్నారని అక్కడి ఆడవాళ్ళు గొడవ చేశారు. ఆ మే నెలలో కంపెనీ దిగొచ్చి అదనపు ధర ఎత్తేసింది. మనదగ్గర ఇలాంటి అశాంతికి తావు లేదు. సరుకే లేనప్పుడు అదనపు ధర ఎక్కడిది? దొరికిన కొద్దివాటి సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా బట్టలకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మూడు హుక్కుల వెడల్పాటి బ్యాండు, మూడు ముక్కలు కలిపి కుట్టిన కప్పు, పక్కన ఆసరా పట్టీ ఉన్న దిగుమతి బ్రా ఆ గీత దాటిందంటే ఖజానా లెక్కలో పెళ్ళికొడుకు షేర్వానీ సరసన కూర్చుంటుంది.

ఎండాకాలంలో రొమ్ముల కింద చెమట పట్టి, చర్మం చర్మానికి ఒరుసుకుని ఎర్రబడే బాధ గురించి నేను మాట్లాడను. అది మద్రాసు వాతావరణం తప్పు. రొమ్మును ఎత్తి పట్టే బ్రా అయితే ఆ మడతకి గాలాడుతుందంటారు గాని, దానికి టాల్కం పౌడరు కనిపెట్టారు కదా. ఇక ఉతికినదాన్ని లోపావడా కింద దాచి ఆరేయడమంటారా, ఎలాస్టిక్‌కి ఎండ మంచిది కాదు కాబట్టి నీడ వరకు మన సిగ్గు సరైన సలహానే ఇచ్చింది. మగవాళ్ళ బనీన్లు మాత్రం బాల్కనీలో జెండాల్లా ఎగురుతుంటాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం జాకెట్లకి. ఇది ఏ టేపువాదీ ఆలోచించలేదు. మన ఆడవాళ్ళని ఈ దేశంలో నిజంగా కొలిచేవాడు ఒక్కడే, జాకెట్లు కుట్టే మాస్టరు. ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి పొడుగు, ముందు మెడ, వెనక మెడ, టక్కు పాయింటు, ఒక్కటీ వదలడు. కానీ అతను కొలిచేది లోపల ఉన్న 38బి మీదనుంచి. టక్కులన్నీ ఆ జారిన చోటునే గురిపెట్టి కుడతాడు. ఆది జాకెట్టు అదే, దాన్ని చూసి కుట్టిన జాకెట్లన్నీ అవే, పట్టువి, కాటనువి, మగ్గం పనివి. సరైన బ్రా వేసుకోగానే రొమ్ము పైకి లేస్తుంది, కింద వదులు, పైన బిగుతు, టక్కులు ఎక్కడో పొట్టని చూపిస్తుంటాయి. ఒక్క బ్రా మారిస్తే బీరువా మొత్తం తప్పయిపోతుంది. దీనికి నష్టపరిహారం ఎవరిస్తారు?

వదిన 32ఎఫ్ ఎలాగో తెప్పించుకుని, జాకెట్ల మూట పట్టుకుని మాస్టరు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను, ఆయన పక్షాన. ఆయన ఒక జాకెట్టు తిరగేసి, కుట్టు లాగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"లోపల మార్జిన్ తక్కువమ్మా. ఒక పని చెయ్యండి, ఆ పాత బాడీలే వేసుకోండి. జాకెట్టు జమ్మని కూర్చుంటది."

"మార్జిన్ ఉన్నవి విప్పు మాస్టర్," అంది వదిన. "లేనివాటికి చంకలో ముక్క వెయ్యి. శ్రావణం లోపల కావాలి."

ఆయన టేపు తీశాడు.